ఒకే బల్ల, రెండు జ్ఞాపకములు

శతవార్షికోత్సవ సంచికలలో మన దేవాలయములు ఎప్పుడు కట్టబడినవి, ఏ గురువుగారు ఏ సంవత్సరము నుండి సేవ చేసినారు, ఏ దొరగారు ఏ పాఠశాలకు పునాది వేసినారు అను విషయములు వ్రాయుట వాడుక. అవి వ్రాయవలసినవే, వ్రాయనిచో రాబోవు తరముల వారికి తెలియవు. అయితే ఈ నూరేండ్లలో మన ప్రజలు అనుభవించిన ఒక పెద్ద బాధను గూర్చి ఇటువంటి సంచికలలో కనబడుట అరుదు. తెలంగాణ వారును ఆంధ్ర వారును, ఒకే తెలుగు మాటలాడుచు, ఒకే దేవుని ఆరాధించుచు, తమ మధ్యనున్న వివాదమును గూర్చి మాత్రము మనసు విప్పి మాటలాడుకొనలేకపోయిన చరిత్ర అది. ఈ చిన్న వ్యాసము దానిని గూర్చినది.

ఇది ముగిసిపోయిన సంగతి కాదు. మాదాపూరు, గచ్చిబౌలి, కొండాపూరు, కూకట్‌పల్లి ప్రాంతములలో ఆదివారపు ఆరాధనకు వచ్చువారిని చూడుడి. ఒకే బెంచీ మీద గుంటూరు లూథరన్ కుటుంబపు అమ్మాయి, ఒంగోలు బాప్టిస్టు కుటుంబపు అబ్బాయి, మెదకు సంఘములో బాప్తిస్మము పొందినవారు, డోర్నకలు నుండి వచ్చినవారు కూర్చుండుదురు. వారమంతయు ఒకే కంపెనీలో, ఒకే జట్టులో పని చేయుదురు. కలిసి కీర్తన పాడుదురు, కలిసి సంస్కారపు బల్ల యొద్దకు వచ్చెదరు. కాని రాష్ట్ర విభజన మాట వచ్చినచో ఎవరో ఒకరు వెంటనే మాట మార్చెదరు. బల్ల ఒకటే, జ్ఞాపకములు రెండు.

పలుకును బట్టి మనిషిని గుర్తించుట

న్యాయాధిపతుల గ్రంథము 12వ అధ్యాయములో యెఫ్తా కాలపు సంగతి ఒకటి కలదు. గిలాదు వారు యొర్దాను రేవులను పట్టుకొని, దాటవచ్చిన ప్రతివానిని ‘షిబ్బోలెతు’ అను మాట పలుకుమని అడిగినారు. ఎఫ్రాయిము వాని నాలుకకు ఆ అక్షరము తిరగలేదు. పలుకును బట్టి వానిని గుర్తించి చంపినారు. ఆ దినములలో 42,000 మంది కూలిరని వ్రాయబడినది. చంపినవారును చచ్చినవారును ఇశ్రాయేలీయులే.

మన తెలుగు దేశమునందు ఈ విషయములో ఒక విచిత్రమైన చరిత్ర కలదు. 1921 నవంబరులో హైదరాబాదు వివేకవర్ధనిలో మహర్షి కార్వే అధ్యక్షతన సంఘసంస్కార సభ జరిగినది. అందులో అల్లంపల్లి వెంకటరామారావు గారు తెలుగులో మాటలాడబోగా సభలోని మరాఠీ వారు ఎగతాళి చేసి మాటలాడనీయలేదు. ఆ అవమానము నుండియే ఆంధ్ర జనసంఘము పుట్టినది. తరువాత 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి గారి అధ్యక్షతన ఆంధ్ర మహాసభ మొదటిసారి సమావేశమైనది. అంతకు ముందే, 1901లో, హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయము వెలసినది. ఇవన్నియు తెలంగాణ వారు తమ కొరకు తాము స్థాపించుకొన్న సంస్థలే. ఆనాడు వారికి ‘ఆంధ్ర’ అనగా తెలుగు. మన సంఘములలో ఇరు ప్రాంతముల వారును చేతబట్టుకొను పాటల పుస్తకమునకు ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ అను పేరు నిలిచినది కూడ ఆ అర్థములోనే.

అదే మాట ముప్పది ఏండ్లు తిరుగకముందే అవతలి వానిని సూచించు మాటగా మారినది. ఏ ఎగతాళి వలన 1921లో తెలంగాణ తెలుగువాడు మేల్కొన్నాడో, అదే ఎగతాళి తరువాతి కాలములో తెలుగువాడే తెలుగువానికి చేయసాగినాడు. తెలంగాణ యాసను దుష్టపాత్రకును హాస్యపాత్రకును అంటగట్టుట చాలకాలము మన చలనచిత్రములలో ఆనవాయితీగా నడిచినది. చూచినవారు నవ్వి మరచిపోయినారు. ఎవరి పలుకును చూచి నవ్వినారో వారు మరువలేదు.

ఒప్పందములు వ్రాయబడినవి, బాధ వినబడలేదు

1948 సెప్టెంబరులో పోలీసు చర్య తరువాత హైదరాబాదు సంస్థానము భారతదేశములో కలిసినది. పరిపాలన కొరకు ఇతర ప్రాంతముల నుండి ఉద్యోగులు వచ్చినారు. స్థానికులకు దక్కవలసిన ఉద్యోగములు పోవుచున్నవని 1952లో ముల్కీ ఉద్యమము లేచినది. ‘ఇడ్లీ సాంబార్ గో బ్యాక్’ అను నినాదము ఆనాటిదే. బూర్గుల రామకృష్ణారావు గారు ముఖ్యమంత్రిగా ఉండగా సెప్టెంబరు నెలలో సిటీ కాలేజీ వద్ద కాల్పులు జరిగి ప్రాణములు పోయినవి.

అవతలి ప్రక్క, 1952 డిసెంబరు 15న పొట్టి శ్రీరాములు గారు మద్రాసులో నిరాహారదీక్షలో మరణించినారు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రము ఏర్పడినది. మద్రాసు దక్కలేదు. కర్నూలు రాజధాని అయినది. కార్యాలయములు గుడారములలో నడిచినవి.

ఈ రెండు ప్రాంతములను కలుపుటను గూర్చి ఫజల్ అలీ గారి సంఘము 1955లో ఇచ్చిన నివేదికలో తొందరపడవద్దని చెప్పినది. తెలంగాణ ప్రాంతమును కొంతకాలము వేరుగా హైదరాబాదు రాష్ట్రముగా ఉంచి, 1961 ప్రాంతపు ఎన్నికల తరువాత ఆ శాసనసభ మూడింట రెండు వంతుల ఆధిక్యముతో కోరినచో కలుపవచ్చునని సలహా ఇచ్చినది. ఆ సలహాను ప్రక్కన పెట్టి, 1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో ఇరు ప్రాంతముల నాయకులు పెద్దమనుషుల ఒప్పందము చేసికొన్నారు. ప్రాంతీయ మండలి, ఉపముఖ్యమంత్రి పదవి, మిగులు నిధులు, స్థానికులకు ఉద్యోగములు మున్నగునవి అందులో ఉన్నవి. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ అవతరించినది. అయితే ఆ మొదటి మంత్రివర్గములోనే ఉపముఖ్యమంత్రి లేరు. తెలంగాణ వారి దృష్టిలో మాట తప్పుట ఆ మొదటి దినముననే ప్రారంభమైనది.

1969లో తెలంగాణ మండినది. ఆ ఉద్యమములో 369 మంది ప్రాణములు అర్పించిరని తెలంగాణ వారు చెప్పుకొందురు. 1971 లోక్‌సభ ఎన్నికలలో తెలంగాణ ప్రజాసమితికి 10 స్థానములు వచ్చినవి. ఆ మరుసటి సంవత్సరము, 1972 అక్టోబరులో, ముల్కీ నిబంధనలు చెల్లునని సుప్రీంకోర్టు తీర్పు ఇవ్వగా ఈసారి కోస్తా, రాయలసీమ ప్రాంతములలో జై ఆంధ్ర ఉద్యమము లేచినది. అక్కడను కాల్పులు జరిగినవి, అక్కడను తల్లులు ఏడ్చినారు. 1973 జనవరిలో రాష్ట్రపతి పాలన వచ్చినది. సెప్టెంబరు 21న ఆరు సూత్రముల పథకము ప్రకటింపబడినది.

ఇచ్చట ఆగి ఒక మాట ఆలోచింపవలెను. 1969 మృతులను గూర్చి వరంగల్లులోని పిల్లవాడు తన ఇంట విన్నాడు. 1972 మృతులను గూర్చి విజయవాడలోని పిల్లవాడు తన ఇంట విన్నాడు. ఒకరి ఇంటి దుఃఖము మరియొకరి ఇంట చెప్పబడలేదు. నాయకులు బల్ల చుట్టు కూర్చుండి పదవులు, నిధులు, ఉద్యోగముల వంతులు మాటలాడినారు. అవి అవసరమే. కాని నీకు కలిగిన నష్టమేమి అని ఒకరినొకరు అడిగి విన్నట్లు ఆ కాగితములలో కనబడదు. కావుననే ప్రతి ఒప్పందమును ఒక ప్రక్షము రక్షణగాను, మరియొక పక్షము తనపై మోపిన అనుమానముగాను చదువుకొన్నది.

సైబరాబాదు: ఒక నగరము, రెండు కథలు

మన ఐటీ ప్రాంతమునకు ఈ తగవుతో ఉన్న సంబంధము చాలామందికి తెలియదు. గచ్చిబౌలిలోని హైదరాబాదు విశ్వవిద్యాలయము ఆరు సూత్రముల పథకము ఫలితముగా పుట్టినది. 1974లో పార్లమెంటు చట్టము ద్వారా ఏర్పడి, మొదట సరోజినీ నాయుడు గారి గృహమైన గోల్డెన్ త్రెషోల్డులో నడిచి, తరువాత గచ్చిబౌలి రాళ్ళగుట్టల మధ్యకు వచ్చినది. అనగా ఈ ప్రాంతమునకు వచ్చిన మొదటి పెద్ద విద్యాసంస్థలలో ఒకటి సంధి కొరకు ఇవ్వబడిన కానుక. 1998 నవంబరు 22న ప్రధాని వాజపేయి గారు సైబర్ టవర్స్ ప్రారంభించినారు. అప్పుడు చంద్రబాబు నాయుడు గారు ముఖ్యమంత్రి. ఆ వెనుక మాదాపూరు చుట్టు ఉన్న పొలములు, గుట్టలు అద్దాల మేడలైనవి.

ఆ మేడలను చూచి ఇరువురు రెండు కథలు చెప్పెదరు.

తెలంగాణ వారి కథ ఇది: హైదరాబాదు 1956లో పుట్టలేదు. ఉస్మానియా విశ్వవిద్యాలయము 1918 నాటిది. శాసనసభ, హైకోర్టు, ఆసుపత్రులు అన్నియు అంతకు ముందే ఉన్నవి. గుడారములలో ఉన్నవారు కట్టిన ఇంటిలోనికి వచ్చినారు. తరువాత భూమి మాది, కాపలా ఉద్యోగము మాది, మేడ మీది గది ఇతరులది అయినది. పైగా మా నగరమును మేమే కట్టితిమని వారు చెప్పుచున్నారు.

ఆంధ్ర వారి కథ ఇది: మద్రాసును విడిచితిమి, కర్నూలును విడిచితిమి, ఇది శాశ్వత రాజధాని అనగా నమ్మితిమి. డెల్టాలో ఎకరము అమ్మి కూకట్‌పల్లిలో స్థలము కొంటిమి. పిల్లలను ఇచ్చటనే చదివించితిమి, తలిదండ్రులను ఇచ్చటి సమాధుల తోటలోనే పాతిపెట్టితిమి. అర్ధశతాబ్దము తరువాత మమ్మును ‘సెట్లర్లు’ అని పిలిచి, మూడవ రాజధానిని కూడ విడువుమన్నారు.

ఈ రెండు కథలలో ఒకటి నిజమైనందున రెండవది అబద్ధము కానక్కరలేదు. రెండును నష్టపు కథలే. కష్టమెక్కడనగా, ఒకడు తన నష్టమును చెప్పగానే రెండవవాడు దానిని తనపై పెట్టిన నేరముగా విని జవాబు చెప్ప మొదలిడును. జవాబు మొదలైన చోట వినుట ముగియును.

2009 నవంబరు 29న కె. చంద్రశేఖరరావు గారు దీక్ష ప్రారంభించినారు. డిసెంబరు 9న కేంద్రము తెలంగాణకు అనుకూలముగా ప్రకటన చేసి, డిసెంబరు 23న వెనుకకు తగ్గినది. పదునాలుగు దినముల వ్యవధిలో మొదట ఒక ప్రాంతమును, తరువాత రెండవ ప్రాంతమును మోసపోయితిమని అనుకొన్నవి. 2010లో జస్టిస్ శ్రీకృష్ణ గారి సంఘము జిల్లాలు తిరిగి, లక్షకు పైగా వినతిపత్రములు స్వీకరించి, డిసెంబరు 30న ఆరు మార్గములతో నివేదిక ఇచ్చినది. అంతమంది చెప్పుకొన్నది విన్న సంఘము అంతకు ముందు లేదనవచ్చును. కాని ప్రజలు చెప్పినది సంఘమునకు. ఒకరు చెప్పినది మరియొకరు వినలేదు. ఆ నివేదికలో ఒక అధ్యాయము సీలు వేసిన కవరులో ప్రభుత్వమునకు ఇవ్వబడినదని తెలియగానే ఉన్న నమ్మకము కూడ పోయినది.

2011 మార్చి 10న మిలియన్ మార్చి దినమున ట్యాంకుబండు మీది విగ్రహములు కొన్ని కూల్చబడినవి. వాటిలో మన క్రైస్తవులు గౌరవించు జాషువ కవిగారి విగ్రహము, గోదావరి ఆనకట్ట కట్టిన కాటన్ దొరగారి విగ్రహము కలవు. ఆంధ్ర వారి గుండె పగిలినది. తెలంగాణ వారు, ఆ వరుసలో మా వారి విగ్రహములు ఎన్ని ఉన్నవో, కొమురం భీముకు ఎందుకు చోటు లేకపోయెనో ఇన్నాళ్లు ఎవరైనను అడిగితిరా అన్నారు. విగ్రహములు పగులగొట్టుట తప్పు అని నేను తలంచుచున్నాను. అయినను ఆ ప్రశ్నను పగిలిన రాళ్లతో పాటు ఊడ్చివేయరాదని కూడ తలంచుచున్నాను.

2014 ఫిబ్రవరి 18న లోక్‌సభలో విభజన బిల్లు ఆమోదింపబడుచుండగా ప్రత్యక్ష ప్రసారము ఆగిపోయినది. జూన్ 2న తెలంగాణ రాష్ట్రము ఏర్పడినది. హైదరాబాదు పది సంవత్సరములు ఉమ్మడి రాజధానిగా ఉండునని చట్టములో వ్రాయబడినది. ఆ గడువు 2024 జూన్ 2న తీరినది. అయినను గీత కాగితము మీదనే ముగియలేదు. 2023 సెప్టెంబరులో చంద్రబాబు నాయుడు గారి అరెస్టును నిరసించి ఐటీ ఉద్యోగులు గచ్చిబౌలి వైపు విప్రో కూడలి వద్ద గుమికూడగా, ఆ రాష్ట్రపు రాజకీయము ఈ రాష్ట్రపు వీధిలో ఏల అను ప్రశ్న వెంటనే వచ్చినది. పది సంవత్సరములు కలిసి పని చేసినవారి మధ్యను ఆ ప్రశ్న సిద్ధముగానే ఉన్నది.

సంఘము మౌనము

ఇన్ని సంవత్సరములు మన సంఘములు ఏమి చేసినవి? నేను ఎరిగినంతలో చాలచోట్ల మౌనము వహించినవి. రాజకీయము గుడి వాకిట విడిచి రావలెనని పెద్దలు చెప్పినారు. శాంతి కొరకు ప్రార్థన జరిగినది గాని ఎవరికి ఏమి నొప్పి కలిగెనో ప్రార్థనలో పేరు పెట్టి చెప్పలేదు. దీనివలన సంఘము చీలలేదనుట నిజమే. పెద్దల ఉద్దేశము మంచిదే. అయితే చెప్పుకొనని బాధ గుడిలో సమసిపోలేదు. సెల్‌ఫోనులలోనికి, హాస్టలు గదులలోనికి, పాస్టరేటు కమిటీ ఎన్నికల ఓట్లలోనికి పోయినది. మనవాడెవరు అని చూచి ఓటు వేయుట అను షిబ్బోలెతు మన రేవు వద్దను కలదు.

మన తండ్రుల చరిత్ర దీనికి భిన్నమైన మార్గము చూపుచున్నది. డోర్నకలు డయోసీసుకు 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్పుగా అభిషేకింపబడిన అజరయ్య గారు తెలంగాణ వారు కారు, ఆంధ్ర వారును కారు. వారు 1874లో తిరునెల్వేలి ప్రాంతపు తమిళ కుటుంబములో జన్మించినారు. ఈ దేశమునకు వచ్చి, తెలుగు నేర్చి, పల్లెలకు ఎడ్లబండి మీద తిరిగినారు. డోర్నకలు నిజాము రాజ్యములో ఉన్నది. వారి డయోసీసు పెరిగి ఆంగ్ల ప్రభుత్వపు కృష్ణా మండలములోనికి కూడ వ్యాపించినది. రెండు ప్రభుత్వముల హద్దును ఒక సంఘము దాటి నిలిచినది. 1910లో ఎడింబరో మహాసభలో, ఇంకను యువకులుగా ఉన్నప్పుడు, వారు మిషనరీల త్యాగమును మెచ్చుకొనుచునే, మాకు మీ స్నేహము కావలెనని అడిగినారు. ఆ సభలో అనేకులకు ఆ మాట కష్టముగా తోచినది. అయినను ప్రేమగల చోటనే అట్లు చెప్పుట సాధ్యమని వారు ఎరిగియుండిరి. 1939లో ప్రతిష్ఠింపబడిన డోర్నకలు దేవాలయములో హిందూ ఆలయ శిల్పమును మసీదు శిల్పమును కలిసి కనబడుట వారి మనసును తెలుపుచున్నది.

అంతకు పూర్వపు సాక్ష్యము అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయములో కలదు. అనుదిన పంపకములో తమ విధవరాండ్రు విడువబడుచున్నారని గ్రీకు భాష మాటలాడు యూదులు హెబ్రీయుల మీద సణిగినారు. ఇది వంతుల తగవే, భాష తగవే. మన ముల్కీ తగవు వంటిదే. అపొస్తలులు ఆ సణుగుడును అవిశ్వాసమనలేదు, రాజకీయమనలేదు. అందరిని పిలిచి, విని, ఏడుగురిని ఏర్పరచినారు. ఆ ఏడుగురి పేర్లు చదువుడి: స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు. అన్నియు గ్రీకు పేర్లే. ఫిర్యాదు చేసినవారి పక్షము నుండియే పంపకము చేయువారిని నియమించినారు. అంతటి నమ్మకము మన 1956 ఒప్పందములో ఉండియుంటే తరువాతి చరిత్ర వేరుగా ఉండెడిదేమో.

ఇప్పుడు చేయదగినది

దక్షిణాఫ్రికాలో 1996లో ఆర్చిబిషప్ డెస్మండ్ టూటూ గారి అధ్యక్షతన సత్య సమాధాన సంఘము విచారణలు జరిపినప్పుడు, బాధితులు తమ తమ మాతృభాషలలో చెప్పుకొన్నారు, దేశమంతయు విన్నది. దాని వలన అక్కడి అన్యాయములన్నియు తీరిపోయెనని ఎవరును అనరు. కాని జరుగలేదు అని చెప్పుట అక్కడ కష్టమైనది. మన తగవు అంత ఘోరమైనది కాదు గనుక మనకు అది ఇంకను సులభము.

మూడు చిన్న పనులు మన సంఘములు చేయవచ్చునని మనవి చేయుచున్నాను. మొదటిది: సంవత్సరమునకు ఒక సాయంకాలమైనను ఇరు ప్రాంతముల కుటుంబములు తమ ఇంటి కథను చెప్పుకొనవలెను, విన్నవారు జవాబు చెప్పక, విన్నదానిని తిరిగి తమ నోట చెప్పవలెను, చెప్పినవారు అవునని ఒప్పుకొనువరకు వాదము మొదలు కారాదు. రెండవది: క్రిస్మసు నాటికలలో కాపలావానికి, దొంగకు ఒక ప్రాంతపు యాస పెట్టుట మానవలెను, గొల్లలును జ్ఞానులును ఏ యాసలోనైనను మాటలాడవచ్చును. మూడవది: యువజన సమాజపు పాఠములలో 1952, 1969, 1972 సంవత్సరముల సంగతులు మూడును కలిపి నేర్పవలెను. తన వారి మృతులను మాత్రమే ఎరిగినవాడు చరిత్రలో సగమే ఎరిగినవాడు.

వీటివలన అందరును ఒకే అభిప్రాయమునకు వచ్చెదరని చెప్పుట లేదు. రావలసిన అవసరమును లేదు. నదీజలములు, ఉద్యోగములు, ఆస్తుల పంపకములను గూర్చి రెండు రాష్ట్రములకు ఇంకను భేదములు ఉండును; వాటిని తీర్చు అధికారము మనకు లేదు. కాని రెండు రాష్ట్రములలోను దక్షిణ ఇండియా సంఘము ఒకే సినడు క్రింద ఉన్నది, ఒకే బల్ల యొద్ద ఒకే రొట్టె విరుచుచున్నది. పెంతెకొస్తు దినమున యెరూషలేమునకు వచ్చినవారు ముందుగా ఒకే యాస నేర్చుకొని రమ్మని అడుగబడలేదు. ఎవరి పలుకులో వారికి వార్త అందినది.

నూరేండ్ల పండుగ నాడు మన పితరుల కష్టమునకు కృతజ్ఞత చెల్లించుట మంచిది. దానితోపాటు మన ప్రక్క బెంచీలోని సహోదరుని, ‘అన్నా, ఆ సంవత్సరములలో మీ ఇంట ఏమి జరిగినది?’ అని అడుగుటయు ఆరాధనలో భాగమే. అతడు చెప్పుచున్నంతసేపు ఊరకుండి వినుటకు ప్రభువు మనకు సహాయము చేయునుగాక.